సన్నీవేల్‌లో మన తమ్ముడి వీకెండ్

అమెరికాలో చదువుకునే కుర్రాడంటే మన ఊళ్లో ఒక లెక్క ఉంటుంది. చేతిలో ఐఫోన్, వెనకాల పెద్ద కారు, ఇంకా వెనక్కి చూస్తే గోల్డెన్ గేట్ బ్రిడ్జి. నేనూ దుబాయ్‌లో ఉన్నప్పుడు అలాగే అనుకునేవాణ్ని. క్యాంపులో పై మంచం మీద పడుకుని, మా వీధి చివరింటి అబ్బాయి పెట్టిన ఫొటో చూసి ‘వీడి పనే బాగుందిరా’ అనుకున్న రాత్రులున్నాయి.

ఆ కారు ఎవరిదో, ఫొటో దిగిన రోజు ఆ అబ్బాయి జేబులో ఎన్ని డాలర్లున్నాయో ఇక్కడికొచ్చాక తెలిసింది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి ఆరేళ్లు దుబాయ్ సైట్ల మీద పనిచేశాను. మా ఆవిడ సాఫ్ట్‌వేర్. ఆమె హెచ్1బి వీసా మీద ఇక్కడికొస్తే, నేను హెచ్4 మీద వెంట వచ్చాను. భార్య గ్రీన్‌కార్డు ఫైలు ఒక దశ దాటితే భర్తకూ పనిచేసుకునే కార్డు ఇచ్చే పద్ధతి 2015లో మొదలైంది. ఆ కార్డు పుణ్యమా అని సన్నీవేల్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సైటు మీద సూపర్‌వైజర్ని. ‘పెండ్లాం వీసా మీద పోయిండు’ అని మా బావమరిది ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ.

ఇక మన తమ్ముడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి తమ్ముడనే అంటాను. జగిత్యాల దగ్గర పల్లె. హైదరాబాద్‌లో బీటెక్ అయ్యాక 2024 ఆగస్టులో శాన్‌హొసే స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌లో చేరాడు. ఉండేది మాత్రం సన్నీవేల్‌లో, మా ఇంటికి రెండు వీధులవతల. అవ్వ ఊళ్లో బీడీలు చుడుతుంది. బాపు పద్దెనిమిదేళ్లుగా మస్కట్‌లో రాడ్ బెండింగు. బ్యాంకు లోను 32 లక్షలు.

గల్ఫ్‌లో ఉండి ఈ పేజీ చదివే అన్నల్లో ఎందరి కొడుకులో, తమ్ముళ్లో ఇప్పుడు అమెరికా చదువుల్లో ఉన్నారు. ఫోన్ చేస్తే ‘మంచిగనే ఉన్న’ అంటారు. ఆ ‘మంచిగ’ ఎట్లా ఉంటుందో నేను చూసినంత చెబుతాను.

పులిహోర వరుసలో పరిచయం

సన్నీవేల్‌లో పర్షియన్ డ్రైవ్ మీద హిందూ దేవాలయం ఉంది. చుట్టూ ఆఫీసు బిల్డింగులు, మధ్యలో గుడి. మన గోపురాలు చూసిన కళ్లకు మొదటిసారి ‘ఇదేనా?’ అనిపిస్తుంది. లోపలికెళ్లాక మాత్రం గంట చప్పుడు, కర్పూరం వాసన అన్నీ మనవే. ఒక శనివారం ప్రసాదం వరుసలో నిలబడి ఫోన్‌లో మా అమ్మతో మాట్లాడుతున్నాను. ముందు నిల్చున్న కుర్రాడు వెనక్కి తిరిగి, ‘అన్నా, మీది కరీంనగర్ దిక్కా?’ అన్నాడు. అది అతనికి మూడో విడత పులిహోర అని తర్వాత చెప్పాడు. మొహమాటం లేకుండా చెప్పాడు కాబట్టే నచ్చాడు.

ఆరోజే వాళ్ల ఫ్లాటుకు తీసుకెళ్లాడు. రెండు పడకగదులు, ఆరుగురు కుర్రాళ్లు. హాల్లో ఇద్దరు, గదికి ఇద్దరు. నేల మీద పరుపులు. మంచాలు లేవు. గోడకు ఒక తెల్ల కాగితం. సోమవారం వంట ఎవరిది, మంగళవారం గిన్నెలు ఎవరివి అని గళ్లు గీసి ఉంది. నాకు దుబాయ్ క్యాంపులో మా మెస్ చార్టు గుర్తొచ్చింది. తేడా ఒక్కటే. మా చార్టు మీద ఎనిమిది పేర్లుండేవి, వీళ్లది ఆరు. అద్దె చెబితే నమ్మరు. నేల మీద ఆ పరుపు పట్టేంత జాగాకు నెలకు 650 డాలర్లు. సన్నీవేల్ చుట్టూ ఉన్నవన్నీ పెద్ద పెద్ద కంపెనీలు. వాళ్ల జీతాలను బట్టే ఇక్కడి అద్దెలు.

ఆరుగురిలో ఒకరు వైజాగ్, ఇద్దరు గుంటూరు దిక్కు, ఒకరు కర్నూలు, ఇద్దరు మన తెలంగాణ. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర మొదలైన గొడవ మహేశ్‌బాబు గొప్పా, పవన్ కల్యాణ్ గొప్పా అన్న దగ్గర తేలుతుంది. తేలదులెండి, అన్నం ఉడికేసరికి ఆగుతుంది.

వారం ఎట్లా గడుస్తుంది?

క్లాసులు ఎక్కువగా సాయంత్రాలు. పగలు క్యాంపస్‌లో భోజనశాలలో పని. ఎఫ్1 వీసా మీద వచ్చిన విద్యార్థి చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. సెలవుల్లో పూర్తిసమయం చేసుకోవచ్చు. బయట పని మాత్రం అనుమతి లేనిదే ఒక్క గంట కూడా కుదరదు. ఈ 20 గంటల లెక్క మన తమ్ముడికి ఎక్కాల్లాగా నోటికొచ్చు. నెలకు వచ్చేది అద్దెకు, బియ్యానికి, ఫోన్‌కు సరిపోతుంది. ఫీజుకు కాదు.

పొద్దున ఎల్ కమినో రోడ్డు మీద 22 నంబరు బస్సు. అది సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ పోతుంది. తొందరుంటే కాల్‌ట్రైన్. 2024 సెప్టెంబర్ నుంచి ఈ రైళ్లు డీజిల్ పోయి కరెంటువి వచ్చాయి. సీట్లు, వైఫై బ్రహ్మాండం. తమ్ముడు మాత్రం బస్సే ఎక్కుతాడు. విద్యార్థి కార్డు మీద బస్సుకు టికెట్ తీయక్కర్లేదు.

యూనివర్సిటీ 1857 నాటిది. మన దేశంలో సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏడు. అక్కడి పెద్ద లైబ్రరీ మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద 2003లో తెరిచారు. ఊరికీ, యూనివర్సిటీకీ కలిపి ఒకటే లైబ్రరీ. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నేనూ ఒక ఆదివారం వెళ్లాను. పై అంతస్తులో కిటికీ పక్కన బల్ల దగ్గర తమ్ముడు చదువుతుంటే, ఎదురు కుర్చీలో ఇల్లూవాకిలీ లేని ముసలాయన ఒకరు పేపరు చదువుతున్నాడు. ఇద్దరికీ ఏసీ ఒకటే.

క్యాంపస్‌లో ఇంకొకటుంది, అది తప్పకుండా చెప్పాలి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో గెలిచి, పతకం తీసుకునేటప్పుడు నల్ల గ్లవ్ వేసుకున్న పిడికిలి పైకెత్తిన ఇద్దరు నల్లజాతి అథ్లెట్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ ఈ యూనివర్సిటీ విద్యార్థులే. వాళ్ల విగ్రహాలు నిలువెత్తుకంటే పెద్దగా పెట్టారు. కాళ్లకు బూట్లు లేవు, సాక్సులే. తమ జనం పేదరికం చూపించడానికి ఆరోజు అట్లా నిలబడ్డారు. రెండో స్థానం మెట్టు మాత్రం ఖాళీ. అక్కడ నిలబడాల్సిన ఆస్ట్రేలియా అథ్లెట్ పీటర్ నార్మన్ తన విగ్రహం వద్దన్నాడట. వచ్చినవాళ్లు ఎవరైనా ఎక్కి వాళ్ల పక్కన నిలబడొచ్చని ఆ జాగా వదిలారు. తమ్ముడు మొదటి వారమే అక్కడెక్కి ఫొటో దిగి మస్కట్‌కు పంపాడు. గోల్డెన్ గేట్ ఫొటో అడిగిన బాపు దీన్ని చూసి అడిగిన మాట ఒక్కటే: ‘వాళ్లు చెప్పులెందుకు ఇడిసిండ్రు బిడ్డా?’

ఆ ఫొటోనే ఇప్పటికీ ఆయన ఫోన్ ముఖం మీద ఉంటుందట.

గురువారం రాత్రి పదింటికి

మస్కట్‌లో శుక్రవారం సెలవు. అక్కడ శుక్రవారం పొద్దున తొమ్మిదైతే మా దగ్గర ఎండాకాలంలో గురువారం రాత్రి పది. ఊళ్లో శుక్రవారం పదిన్నర. వారం మొత్తంలో ఈ ఇంట్లో ముగ్గురూ మెలకువగా, ఖాళీగా ఉండేది ఆ ఒక్క గంటే. బాపు క్యాంపులో మంచం మీద, అవ్వ బీడీ చాట ఒళ్లో పెట్టుకుని, వీడు వంటింటి ప్లాట్‌ఫాం పక్కన నేల మీద. మూడు మొహాలు ఒకే తెర మీద.

కానీ అమెరికాలో మన సినిమాల ప్రీమియర్లు కూడా ఆ రాత్రే. శుక్రవారం రిలీజయ్యే సినిమాకు ఇక్కడ గురువారం సాయంత్రం నుంచే షోలు. 2000ల్లో ఇక్కడికొచ్చిన పాతకాపుల్ని అడిగితే ఫ్రీమాంట్‌లోని నాజ్ 8 హాలు కథలు చెబుతారు. మన సినిమా చూడాలంటే అప్పుడు అంతదూరం పోయేవారట. ఇప్పుడు శాంటాక్లారాలోని ఏఎంసీ మెర్కాడో లాంటి పక్కా అమెరికన్ హాళ్లలోనే ఇంగ్లిష్ సినిమా పక్క తెర మీద తెలుగు సినిమా ఆడుతుంది. కాగితం ముక్కలు ఎగరేస్తే హాలువాళ్లు కోప్పడతారు. అయినా ఎగురుతాయి.

2025 జూన్ 19, గురువారం. ‘కుబేర’ ప్రీమియర్. శేఖర్ కమ్ముల సినిమా. ఆయన మొదటి సినిమా ‘డాలర్ డ్రీమ్స్’ 2000లో వచ్చింది. అమెరికా పిచ్చి పట్టిన కుర్రాళ్ల కథ. తీసినాయన స్వయంగా అమెరికాలో చదివి వెనక్కి వెళ్లినవాడు. ఈ సంగతులన్నీ మన తమ్ముడికి కొట్టినపిండి. రూమ్మేట్ ఒకడికి పని పడి టికెట్ మిగిలింది. ఊరికే వచ్చిన టికెట్. వెళ్లాడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టాడు.

బయటికొచ్చి చూస్తే బాపు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. అక్కడ ఎండ ఎక్కాక కూడా ఆయన మంచం మీదనే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడట. ఏమీ అనలేదు. ‘సినిమా మంచిగున్నదా?’ అని మాత్రం అడిగాడట. తిట్టినా బాగుండేదన్నా అని తమ్ముడు నాతో అన్నాడు. అప్పట్నుంచి గురువారం సినిమా బంద్. ఫ్రెండ్స్ ఎంత రెచ్చగొట్టినా సినిమా శనివారం తర్వాతే. ఈలోపు వాట్సాప్‌లో కథ చెప్పేవాళ్లను తప్పించుకోవడం పెద్ద పని.

బాపు చేసే పనే కదన్నా

ఇప్పుడు అసలు సంగతి. 2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున తమ్ముడు మా ఇంటికొచ్చాడు. చాయ్ తాగాడు. కప్పు కింద పెట్టి, ‘అన్నా, మీ సైటుల శని, ఆదివారాలు ఏదన్న పని ఇప్పియ్యి. కాష్ ఇచ్చినా సరే. ఊడుస్త, చెక్కలు మోస్త’ అన్నాడు. తర్వాతి సెమిస్టర్ ఫీజు నెల రోజుల్లో కట్టాలి. లోను విడత రావడం ఆలస్యమైంది.

నాకు చేతకాని పని కాదది. సైటు శుభ్రం చేయడానికి మనుషులు ఎప్పుడూ కావాలి. ఏ చిన్న కాంట్రాక్టరుకో ఒక మాట చెబితే అయిపోయేది. కాగితాల్లేకుండా మనుషుల్ని పెట్టుకునేవాళ్లు ఏ దేశంలోనైనా దొరుకుతారు.

కుదరదన్నాను.

‘మా బాపు చేసే పనే కదన్నా. నేను చేస్తే తప్పా?’ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పని తప్పు కాదు. కాగితం లేకుండా చేయడం వేరే. అది చెప్పడానికి దుబాయ్ సంగతి ఎత్తుకున్నాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ‘ఖల్లివల్లి’ అంటే వివరించక్కర్లేదు. మా సైటు మీద అట్లాంటి ఒకాయన పరంజా మీద నుంచి పడ్డాడు. నిజామాబాద్ దిక్కు మనిషి. పడ్డ గంటలో ఆయన ఎవరో కంపెనీకి తెలియదు, కాంట్రాక్టర్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు. మేమే చందాలేసి ఆస్పత్రికి, టికెట్‌కు కట్టాం. నడుము నిలబడలేదు.

తమ్ముడు విన్నాడు. లేచి వెళ్లిపోయాడు. మూడు వారాలు ఫోన్ లేదు. గుళ్లోనూ కనిపించలేదు. మా ఆవిడ ‘సాయం చేయకపోతివి, కథలు చెప్తివి’ అంది. నిజమే కదా అనిపించి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఈ మూడు వారాల్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఒక హోటలాయన, ఊరు కూడా చెప్పను, శని ఆదివారాలు వంటింట్లో పని ఇస్తానన్నాడట. గంటకు 9 డాలర్లు, చేతికి. సన్నీవేల్ నగరం చట్టం ప్రకారం 2025లో కనీస కూలి గంటకు 19 డాలర్లు. అంటే సగం కూడా కాదు. అడిగే హక్కు లేనివాడికి ఎంతిచ్చినా ఎక్కువే కదా. శనివారం నుంచి రమ్మన్నాడు. తమ్ముడు పని చూసొద్దామని శుక్రవారం సాయంత్రం వెళ్లాడు. వంటింట్లో ముగ్గురు మన కుర్రాళ్లే గిన్నెలు తోముతున్నారు. వాళ్లలో ఒకడు ఎమ్మెస్ అయిపోయి ఏడాదైనవాడు. అంతలో యూనిఫాం వేసుకున్న మనిషి ఒకడు ముందు తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. అంతే, ముగ్గురూ సబ్బు చేతులతో వెనక తలుపులోంచి పరుగు. తీరా చూస్తే ఆయన మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేయడానికి వచ్చాడు.

‘ఆళ్లతోని నేను కూడ ఉరికిన అన్నా. నేనింకా పనిల చేరనే లేదు. ఎందుకు ఉరికిన్నో తెల్వది’ అన్నాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఈ ఊరు చూసిన కేసులు

ఆరోజు నేను చెప్పని కథలు ఇంకొన్ని ఉన్నాయి. తర్వాత చెప్పాను. ఇక్కడ కూడా రాస్తాను, ఎందుకంటే మన పిల్లల్ని పంపేటప్పుడు ఏజెంట్లు ఇవి చెప్పరు.

సన్నీవేల్‌లోనే లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే దగ్గర హెర్గ్వాన్ యూనివర్సిటీ అని ఒకటుండేది. విదేశీ విద్యార్థులే దాని బతుకు. వీసా మోసం కేసులో దాన్ని నడిపేవాడి మీద 2012లో అభియోగాలు పెట్టారు. 2015లో తప్పు ఒప్పుకుని జైలుకెళ్లాడు. తర్వాత విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి కూడా పోయింది. ఇక్కడికి కారులో గంట లోపు దూరంలో ఉన్న ప్లెజెంటన్‌లో 2011 జనవరిలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అది మన ఇళ్లల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. నడిపినావిడకు 2014లో పదహారేళ్లకు పైగా శిక్ష పడింది. 2015 డిసెంబర్‌లో శాన్‌హొసే, ఫ్రీమాంట్‌ కాలేజీలకు బయల్దేరిన కొందరు విద్యార్థుల్ని హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే విమానం ఎక్కనివ్వలేదు. 2019లో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ బయటపడింది. అది అమెరికా ప్రభుత్వమే వల వేసి పెట్టిన దొంగ యూనివర్సిటీ!

మన తమ్ముడిది అసలుసిసలు ప్రభుత్వ యూనివర్సిటీ. ఆ బాధ లేదు. కానీ బయట ఒక్క శనివారం కాష్ పని బయటపడినా, యూనివర్సిటీ ఎంత మంచిదైనా కాపాడదు. స్టేటస్ పోతుంది. 32 లక్షల లోను మాత్రం పోదు.

చివరికి ఒక గురువారం రాత్రి తమ్ముడే బాపుకు అంతా చెప్పేశాడు. ఫీజు సంగతి, హోటలు సంగతి, ఉరికిన సంగతి. నేను పక్కనే ఉన్నాను. తెరలో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘నేను పద్దెనిమిదేండ్ల సంది లేబర్ కార్డు జేబుల పెట్టుకొనే పండుకుంటున్న. కార్డు లేకుంట ఒక్క దినం లేను. నువ్వెట్ల ఉంటవ్ బిడ్డా?’

ఆ ఏడు ఉగాదికి ఆయన పని మానుకుని పూర్తిగా ఇంటికి వచ్చేయాలనుకున్నాడు. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టి, కంపెనీలో అడ్వాన్సు తీసుకుని ఫీజు పంపాడు. అవ్వ ఆరోజు తెరలోంచి లేచి పక్కకు వెళ్లింది. బీడీ చాట మాత్రం కనిపిస్తూనే ఉంది.

చేతిలో డబ్బుల్లేని శనివారాలు

కాష్ పని లేదు కాబట్టి శని ఆదివారాలు ఖాళీ. జేబూ ఖాళీనే. మరి ఏం చేస్తాడు? ఇక్కడే నాకు ఈ కుర్రాడి మీద ఈర్ష్య కలుగుతుంది.

శనివారం పొద్దున మర్ఫీ వీధిలో రైతుబజార్. సన్నీవేల్ స్టేషన్ ఎదురుగానే. పాతకాలం దుకాణాల మధ్య గుడారాలేసి పండ్లు, తేనె, పూలు పెడతారు. ఒంటిగంటకు ఎత్తేస్తారు. తమ్ముడు పన్నెండున్నరకు వెళతాడు. ఎత్తేసే ముందు కొంతమంది ధర తగ్గిస్తారు. రుచికి కోసిపెట్టిన పీచ్ ముక్కలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తింటే ఒక పూట గడుస్తుంది. రెండుసార్లు తిరగకూడదట, ఒక్కసారే. అది వాళ్ల ఫ్లాటు నియమం. పరువు ఉండాలి కదా అంటాడు.

ఈ ఊరంతా ఒకప్పుడు పండ్లతోటలే. లిబ్బీస్ అనే కంపెనీ పండ్లు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ పోయింది, నీళ్ల ట్యాంకు మిగిలింది. దాన్ని అచ్చం పండ్ల డబ్బాలాగా రంగులేసి పెట్టారు. మొదటిసారి వీడియోలో చూసి ‘అంత పెద్ద డబ్బా ఎవలు తింటరు?’ అని అవ్వ అడిగింది. ఇప్పటికీ ఆ ఫ్లాటులో ఎవరు ఎక్కువ తిన్నా ‘ట్యాంకు’ అనే పేరు.

తర్వాత ఇండియా క్యాష్ అండ్ క్యారీలో వారం సరుకు. ఆరుగురికి ఒక బండి. బెండకాయ కొననిచ్చేది కర్నూలువాడొక్కడికే, ముదురు లేత చూడ్డం వాడికే తెలుసు. ఇడ్లీ పిండి డబ్బా, కరివేపాకు, నెలకోసారి గోంగూర. ఎప్పుడైనా నేను కాస్ట్‌కోకు పోతే కార్డు నాది కాబట్టి వీణ్ని వెంట తీసుకెళతాను. అక్కడ 1985 నుంచి హాట్‌డాగ్, కూల్‌డ్రింకు కలిపి డాలరున్నరే. పెంచలేదు. అది ఆవు మాంసమని మా ఇద్దరికీ కుదరదు. పిజ్జా ముక్కతో సరిపెట్టుకుంటాం. ఆ ముక్క మా మామగారింటి విస్తరంత ఉంటుంది.

సాయంత్రం ఆర్టెగా పార్కు. క్రికెట్ పిచ్ ఉంది. లీగ్ మ్యాచులు లేనప్పుడు టెన్నిస్ బంతితో ఆట. ఓడినవాళ్లు చాయ్ పెట్టాలి. కొన్నాళ్లు నేనూ ఆడాను, మోకాలు వద్దంది.

ఇక వీడియోగేముల పిచ్చి. పబ్జీ నుంచి మొదలైంది. ఒకరోజు ఎల్ కమినో మీద నడుస్తూ, ‘అన్నా, ప్రపంచంలో అందరూ ఆడిన మొదటి గేము ఎక్కడ పెట్టిండ్రో ఎరుకా? ఈడనే’ అన్నాడు. నిజమే. 1972లో అటారీ కంపెనీ ‘పాంగ్’ అనే ఆట పెట్టెను మొదట పెట్టింది సన్నీవేల్‌లోని ఒక బార్‌లో. కొన్నాళ్లకే పెట్టె పనిచేయడం లేదని ఫోన్ వస్తే కంపెనీ ఇంజినీర్ వెళ్లి తెరిచాడట. లోపల చిల్లర నిండిపోయి ఆగిపోయింది. ‘మా బిల్డింగుల లాండ్రీ మిషిన్ అసొంటిది’ అని నవ్వాడు. ఇదే రోడ్డు మీద గోల్ఫ్‌ల్యాండ్ ఉంది. స్ట్రీట్ ఫైటర్ లాంటి కొట్లాట ఆటలకు పాతకాలం నుంచీ పేరు. అక్కడ తమ్ముడు ఆడేది ఒకటి, నిలబడి చూసేది పది. చూడ్డానికి పైసలడగరు కదా!

రాత్రికి ల్యాప్‌టాప్ గోడకు ఆనించి సినిమా. ‘బలగం’ నాలుగుసార్లు చూశాడు. 2023లో వేణు ఎల్దండి తీశాడు, మన తెలంగాణ పల్లెలో ఒక తాత చావు కథ. వైజాగ్ కుర్రాడు మొదట ‘చావు సినిమా ఏంట్రా వీకెండ్‌లో’ అన్నవాడే ఆఖర్న దుప్పటి కప్పుకుని ఏడ్చాడు. అదే వైజాగ్ కుర్రాడికి జపాన్ బొమ్మల సినిమాలంటే ప్రాణం. 2025 సెప్టెంబర్ 12న ‘డెమన్ స్లేయర్’, ‘మిరాయ్’ ఒకేరోజు వచ్చాయి. ఫ్లాటు రెండు పార్టీలైంది. మన తమ్ముడు రెండింటికీ వెళ్లలేదు. ఆ వారం పరీక్ష, పైగా పాంట్రీలో కందిపప్పు కొనే వంతు అతనిది.

ఆ సెప్టెంబర్ శుక్రవారం

వారం తిరిగేసరికి 19వ తేదీ శుక్రవారం పిడుగు పడింది. కొత్త హెచ్1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని అమెరికా అధ్యక్షుడి ప్రకటన. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నది ఆ రాత్రి ఎవరికీ తెలియదు. నేను వాళ్ల ఫ్లాటుకు వెళ్లేసరికి ఆరుగురూ ఆరు ఫోన్లు పట్టుకుని నేల మీద కూర్చున్నారు. పొయ్యి వెలిగించలేదు. చదువయ్యాక ఓపీటీ మీద ఒక ఏడాది, ఇంజినీరింగ్ చదువులకు ఇంకో రెండేళ్లు పనిచేసుకోవచ్చు. ఆ తర్వాత హెచ్1బియే దిక్కు. లక్ష డాలర్లు పెట్టి కొత్తవాణ్ని ఏ కంపెనీ తీసుకుంటుంది? మా ఆవిడ డబ్బాలో పులిహోర పంపింది. గిన్నెలో అట్లాగే ఉండిపోయింది.

ఆ మరుసటి బుధవారం 24న ‘ఓజీ’ ప్రీమియర్. టికెట్లు నెల ముందే కొన్నారు. అమ్మేద్దామన్నాడు ఒకడు. వైజాగ్ కుర్రాడు మాత్రం ‘రుసుము మనం కట్టేది కాదు, టికెట్ మనం కట్టేశాం’ అన్నాడు. ఆరుగురూ వెళ్లారు. బుధవారం కాబట్టి బాపు ఫోన్‌కు అడ్డం లేదు. తిరిగొచ్చేసరికి ఆరుగురికీ గొంతులు పోయాయి. మన తమ్ముడు మహేశ్ ఫ్యాను. అయినా అరిచాడట. ‘ఐదు దినాల సంది లోపల ఉన్నదంత అరిచిన అన్నా’ అన్నాడు.

అక్టోబర్‌లో కొంచెం ఊపిరి వచ్చింది. ఇక్కడే ఉండి విద్యార్థి వీసా నుంచి హెచ్1బికి మారేవాళ్లకు ఆ రుసుము లేదని అధికారులు చెప్పారు. ఉద్యోగాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. రోజుకు ఎన్ని దరఖాస్తులు పెట్టాలో కూడా గోడ మీద కాగితంలో కొత్త గడి వచ్చింది, గిన్నెల గడి పక్కనే.

ఆదివారం సాయంత్రం లాండ్రీ. వారమంతా పోగేసిన క్వార్టర్ బిళ్లలు గ్లాసులో గలగలమంటుంటే పట్టుకుని కిందికి దిగుతాడు. బట్టలు ఆరేలోపు మెట్ల మీద కూర్చుని చెవుల్లో పాటలు. మొన్నొక ఆదివారం నేనూ పక్కన కూర్చున్నాను. కాన్వొకేషన్ 2026 మేలో. బాపుకు విజిటర్ వీసాకు ప్రయత్నం చేస్తున్నాడు. వస్తుందో రాదో. ఆయన మాత్రం గోల్డెన్ గేట్ అడగలేదట. ఫోన్‌లో ఆ బొమ్మ చూపించి, ‘ఆ రెండో మెట్టు ఇంకా కాళీనే ఉన్నదా?’ అని అడిగాడట.

‘బాపుకు మోకాళ్ల నొప్పులన్నా. నువ్వు సైటోనివి కదా, ఆ మెట్టు ఎత్తెంతుంటదో ఒకసారి కొల్సి చెప్తవా?’

వచ్చే శనివారం టేపు పట్టుకుని వెళ్లాలి.